జలస్రావ శాస్త్రానికి గృహస్థ భాష్యం

ఇంట్లో నీళ్లు మూడు విధాలుగా పోతాయి. వాడితే పోయేవి, వదిలేస్తే పోయేవి, వాటంతట అవే పోయేవి. మొదటి రెండింటికీ కర్త ఉంటాడు. ఆ కర్త ఎవరన్న దాని మీద ఇంట్లో వాదోపవాదాలూ ఉంటాయి. మూడో దానికి కర్త లేడు. కర్త లేని క్రియ కాబట్టే అది శాస్త్రానికి తగిన విషయమైంది. దీన్ని పండితులు స్రావమనీ, ప్లంబర్లు లీకేజీ అనీ, కింది ఫ్లాటు వారు ‘మీ బాత్రూమ్’ అనీ వ్యవహరిస్తారు.

ఏ శాస్త్రానికైనా అధికారి ఎవరో ముందు తేల్చాలి. నీటి బిల్లు కట్టేవాడూ, ఎప్పటికైనా కట్టాల్సి వస్తుందేమోనని భయపడేవాడూ దీనికి అధికారులు. అద్దెలోనే నీళ్ల డబ్బులు కలిపి ఇచ్చేసేవారికి ఇందులో ప్రవేశం లేదు, వాళ్లు జీవన్ముక్తులు. ఇక సూత్రం. చప్పుడు చేసే లీకుకు చెడ్డపేరు, చప్పుడు చేయని లీకుకు బిల్లు. తక్కినదంతా దీనికి వ్యాఖ్యానమే.

పూర్వాచార్యులు

అర్థశాస్త్రంలో ఉదకభాగం అని ఒక పన్ను ఉంది. చేత్తో తెచ్చి పొలానికి పోసుకుంటే పంటలో ఐదో వంతు, భుజాన మోసుకొచ్చి పోస్తే నాలుగో వంతు, యంత్రంతో తోడి పారిస్తే మూడో వంతు. కౌటిల్యుడు నీళ్లను కొలవలేదని గమనించాలి. నీళ్లు ఎలా వచ్చాయో చూసి లెక్క కట్టాడు. ఈ పద్ధతిలో లీకు అనే సమస్యే పుట్టదు. దారిలో కుండ కారితే ఆ నష్టం మోసినవాడిది, రాజుగారి వంతు పంటలోంచి యథాతథంగా వస్తుంది. ఇంతకంటే ప్రశాంతమైన నీటి శాఖ తర్వాత ఏ రాజ్యానికీ దొరకలేదు.

రోమువాళ్లు కొలవబోయి కష్టాలు తెచ్చుకున్నారు. క్రీ.శ. 97లో ఆ నగర నీటి సరఫరాకు అధిపతిగా వచ్చిన ఫ్రాంటినస్ ఆ కష్టాలన్నీ ఒక గ్రంథంగా రాసిపెట్టాడు. అక్కడ నీటికి ప్రమాణం గొట్టం నోటి వెడల్పు, దాని పేరు క్వినారియా. ఇంటి కనెక్షను మొదలయ్యే చోట ముద్ర వేసిన కంచు గొట్టం బిగించేవారు. ఆయన వెళ్లి చూస్తే ముద్ర లేని గొట్టాలున్నాయి, ఉండాల్సినదానికంటే వెడల్పైనవి ఉన్నాయి, వీధి పొడవునా రహస్యంగా కన్నాలు పెట్టి లాగిన లైన్లున్నాయి. రిజిస్టరులో ఉన్న నీళ్లు ఒకటి, కాలువలో ఉన్న నీళ్లు ఇంకొకటి. పంతొమ్మిది వందల ఏళ్ల తర్వాత కూడా నీటి ఇంజనీర్లు ఈ తేడాకు ‘లెక్కలోకి రాని నీరు’ అని పేరు పెట్టి, అదే రిజిస్టరు ముందు కూర్చుని ఉన్నారు.

మనవాళ్ల చూపు వేరు. వాళ్లు లీకును కొలవడం మానేసి లీకుతోనే కాలాన్ని కొలిచారు. అడుగున సన్నటి రంధ్రమున్న రాగి గిన్నెను నీళ్ల తొట్టిలో వదిలితే, అది నెమ్మదిగా నిండి మునిగేసరికి ఒక ఘడియ, అంటే 24 నిమిషాలు. భాస్కరాచార్యుడి కూతురు పెళ్లి ముహూర్తానికి ఇలాంటి గిన్నే పెట్టారనీ, ఆ పిల్ల తొంగి చూస్తుంటే నగలోని ముత్యం జారి పడి రంధ్రం పూడుకుపోయిందనీ, ముహూర్తం దాటిపోయిందనీ, ఆమెను ఊరడించడానికే తండ్రి ఆమె పేర లీలావతి గణితం రాశాడనీ ఒక కథ. కథ నిజమో కాదో చరిత్రకారులు చూసుకుంటారు. లీకు ఆగిపోవడం వల్ల ఒక కుటుంబానికి నష్టం జరిగిన సందర్భం మాత్రం మా శాస్త్రంలో ఇదొక్కటే.

ఆ లీలావతిలోనే ఒక లెక్క ఉంది. నాలుగు ధారలు ఒక తొట్టిని విడివిడిగా ఒక రోజులో, అర రోజులో, రోజులో మూడో వంతులో, ఆరో వంతులో నింపుతాయి. అన్నీ ఒక్కసారి వదిలితే ఎంతసేపు? రోజులో పన్నెండో వంతు. ఈ లెక్క వంశవృద్ధి చెంది మన బడి పుస్తకాల్లోకి వచ్చేసరికి ఒక దుష్టపాత్ర చేరింది. మొదటి కుళాయి తొట్టిని 4 గంటల్లో నింపును, రెండవ కుళాయి నిండిన తొట్టిని 6 గంటల్లో ఖాళీ చేయును, రెండింటినీ ఒకేసారి తెరిచిన ఎన్ని గంటల్లో నిండును? పన్నెండు అని రాసి మార్కులు తెచ్చుకున్న తరాలున్నాయి. రెండో కుళాయి ఎవరు తెరిచారు సార్, ముందది కట్టేయొచ్చు కదా అని అడిగిన పిల్లవాడు లేడు, ఉన్నా వాణ్ని బెంచీ ఎక్కించి ఉంటారు. లీకు అనేది కట్టవలసినది కాదు, లెక్కలోకి తీసుకోవలసినది అన్న సంస్కారం తెలుగువాడికి ఆరో తరగతిలోనే అబ్బుతుంది. పెద్దయ్యాక బకెట్టు అడ్డం పెట్టి నిశ్చింతగా పేపరు చదువుకోవడం దాని పరిణామమే.

బిల్లు మీమాంస

హైదరాబాదు బిల్లును ఆధార గ్రంథంగా తీసుకుందాం. దీన్ని వెలువరించేది 1989లో ఏర్పడిన జలమండలి. ప్రతి కనెక్షనుకూ ఒక క్యాన్ నంబరు ఉంటుంది, అది నల్లాకు గోత్రం లాంటిది. సాధారణ పాఠకుడు ఈ గ్రంథాన్ని చివరి పంక్తి నుంచి మొదలుపెట్టి అక్కడే ముగిస్తాడు. సారమంతా మధ్యలో ఉంది. గత రీడింగు, ప్రస్తుత రీడింగు. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే మిగిలేది కిలోలీటర్లలో వాడకం. ఒక కిలోలీటరంటే వెయ్యి లీటర్లు, మేడల మీద మామూలుగా కనిపించే నల్ల ట్యాంకు ఒకటి. మీటరులో నల్ల అంకెలు కిలోలీటర్లు, ఎర్రవి అందులో భాగాలు. బిల్లు నల్ల అంకెలకే పడుతుంది. ఎర్ర అంకెలను ఎండలో వంగి, చెప్పు కాలితో మూత మీది మట్టి తోసి చదివేవాడే మన శాస్త్రజ్ఞుడు.

రీడింగు తీసుకోవడం కుదరకపోతే, మీటరు పని చేయకో ఇంటికి తాళం ఉండో, సగటు వాడకం వేస్తారు. ఆ నెల లీకు కూడా సగటుగానే కారిందని భావం. ఆ కింద సివరేజ్ సెస్ ఉంటుంది. నీళ్లు లోపలికి వచ్చాయి కాబట్టి బయటికీ పోయి ఉంటాయన్న అనుమాన ప్రమాణం దీనికి ఆధారం. సంపు పగులులోంచి నేలలోకి ఇంకిపోయిన నీళ్లు డ్రైనేజీ ముఖం చూడనే లేదు కదా, ఇది హేత్వాభాసం కదా అని తార్కికులు అడగవచ్చు. అడిగి, కట్టవచ్చు.

ఇప్పుడు కీలకమైన ఘట్టం. 2021 జనవరి నుంచి గ్రేటర్ హైదరాబాదులో ఇళ్లకు నెలకు 20 వేల లీటర్ల నీళ్లు ఉచితం, మీటరూ ఆధార్ అనుసంధానమూ ఉంటే. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లన్నది కేంద్ర ప్రభుత్వ మాన్యువల్ చెప్పే ప్రమాణం. నలుగురున్న ఇంటికి రోజుకు 540, నెలకు 16,200. మిగులు 3,800 లీటర్లు. అంటే ఆ ఇంట్లో రోజుకు నూట పాతిక లీటర్ల లీకు హాయిగా కాపురం ఉండవచ్చు, బిల్లు మీద సున్నాయే వస్తుంది. సున్నాను ఎవరూ రెండోసారి చదవరు. పథకాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అవసరమైన ఇళ్లకు అది పెద్ద ఊరటే. శాస్త్రదృష్టిలో మాత్రం సున్నా బిల్లు లీకుకు దొరికిన సర్కారీ క్వార్టరు.

పరీక్షా విధి

విదేశీ గ్రంథాలన్నీ ఒకే పరీక్ష చెబుతాయి. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి మీటరు చూడు, రెండు గంటలు ఆగి మళ్లీ చూడు, అంకె కదిలితే లీకుంది. ఇరవై నాలుగు గంటలూ గొట్టంలో నీళ్లుండే ఊళ్లకు ఇది శిరోధార్యం. రోజు విడిచి రోజు, కాసేపు నల్లా వచ్చి పోయే ఊళ్లో ఈ పరీక్ష చేసినవాడికి పరమ శాంతి లభిస్తుంది. మీటరు కదలదు. కదలడానికి గొట్టంలో నీళ్లుంటే కదా!

మన మీటరుకు సంపు దాకానే తెలుసు. సంపు నుంచి మోటారు, మోటారు నుంచి పై ట్యాంకు, అక్కడి నుంచి బాత్రూములు, ఈ సంసారమంతా దానికి పరోక్షం. పై ట్యాంకు రాత్రంతా కారినా మీటరు నిద్రపోతూనే ఉంటుంది. నల్లా వచ్చిన పూట సంపు ఎంత ఖాళీ అయిందో అంత నింపుకుని ఆ మొత్తాన్ని ‘వాడకం’ అని రాసుకుంటుంది. ఇంకో సూక్ష్మం. ఇలా వచ్చి పోయే నల్లాలో నీళ్లకంటే ముందు గొట్టంలోని గాలి తోసుకొస్తుంది, ఆ గాలికీ మీటరు తిరగగలదు. నల్లా విప్పగానే బుస్సుమన్న శబ్దం విన్నవారు ఆ కాసేపు వాయుదేవుడికి కూడా చందా కట్టారని గ్రహించాలి.

కాబట్టి స్వదేశీ పరీక్ష సంపులోనే జరగాలి. నల్లా రాని రాత్రి చూసుకుని మోటారు ఆపేయాలి. కర్ర నిలువునా దించి, తడి ఎంతవరకు వచ్చిందో అక్కడ చాక్‌పీసుతో గీయాలి. తెల్లారి మళ్లీ దించాలి. రెండు మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పున్న సంపులో ఒక్క సెంటీమీటరు తగ్గితే 30 లీటర్లు పోయినట్టు. పై ట్యాంకుకూ ఇదే విధి, కాకపోతే కిందికి దిగే గేట్ వాల్వ్ కట్టేసి చూడాలి. మీటరు అడ్డకొలత ఉన్న గుండ్రటి ట్యాంకులో సెంటీమీటరుకు సుమారు 8 లీటర్లు. వాల్వ్ కట్టినప్పుడు మట్టం నిలిచి, తెరిచాక ఎవరూ వాడకుండానే పడిపోతే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. సంపు విషయంలో ఒక హెచ్చరిక, ఇది వ్యంగ్యం కాదు: నీళ్లు బయటికి పోయే పగుల్లోంచే వానాకాలంలో బయటి మురుగు లోపలికి వస్తుంది. సంపు పగులు ఉన్న ఇంట్లో బిల్లు కంటే ముందు కడుపు చూసుకోవాలి.

చుక్క వివాదం

ఇక ప్రసిద్ధమైన లీకు, కుళాయి చుక్క. సెకనుకు ఒక చుక్క చొప్పున రోజుకు 86,400 చుక్కలు. మిల్లీలీటరుకు ఇరవై చుక్కలన్నది మందుల లెక్క. ఆ ప్రకారం రోజుకు నాలుగు లీటర్ల పైచిలుకు. అయితే మందు డ్రాపరు నోరు వేరు, కుళాయి నోరు వేరు. చుక్క బరువు గొట్టం వెడల్పును బట్టి పెరుగుతుందని 1864లోనే థామస్ టేట్ అనే ఇంగ్లీషు పండితుడు తేల్చాడు. కుళాయి చుక్కను మూడింతలు వేసుకుందాం. రోజుకు 13 లీటర్లు, నెలకు ఇంచుమించు 390. లెక్కలతో పేచీ ఉన్నవారు చుక్క కింద గ్లాసు పెట్టి గడియారం చూసుకోవచ్చు, చుక్కకు పక్షపాతం లేదు.

ఈ ‘సెకనుకు ఒకటి’ అనే మాట కూడా నిలవదు. 1984లో అమెరికాలో రాబర్ట్ షా అనే భౌతిక శాస్త్రవేత్త కారే కుళాయి మీద ఒక గ్రంథమే రాశాడు. చుక్కకూ చుక్కకూ మధ్య వ్యవధి కొలుస్తూ, ధార కొద్దికొద్దిగా పెంచుతూ పోతే తాళం మొదట సమంగా ఉంటుంది, తర్వాత జంటలు జంటలుగా పడుతుంది, చివరికి ఏ లెక్కకూ అందకుండా పోతుంది. దాన్ని గందరగోళ సిద్ధాంతానికి నమూనాగా చూపించాడు. వాషరు మార్చాడో లేదో గ్రంథంలో ఏముంటుంది! కారడం ఆగితే పరిశోధన ఆగుతుంది.

టప్ మన్న శబ్దం ఎక్కడిదన్నది వేరే చర్చ. స్నేహితుడి ఇంట్లో పైకప్పు కారి రాత్రి నిద్ర పట్టని కేంబ్రిడ్జి ఆచార్యుడు అనురాగ్ అగర్వాల్, తన సహచరులతో కలిసి 2018లో దీన్ని తేల్చాడు. చుక్క నీటికి తగలడం వల్ల కాదు చప్పుడు. పడ్డ చోట నీటి కింద చిక్కుకున్న చిన్న గాలిబుడగ కంపించడం వల్ల. గిన్నెలు తోమే సబ్బునీళ్లు కాస్త కలిపితే తలతన్యత మారి శబ్దం పోతుందని కూడా ఆ బృందం చూపించింది. మన ఇళ్లలో దీనికి పాతకాలం నుంచీ వేరే చికిత్స ఉంది. కుళాయి మూతికి నూలు దారమో పాతగుడ్డ పీలికో కట్టి కిందికి వేలాడదీస్తారు. చుక్క దాని మీదుగా జారిపోతుంది, చప్పుడుండదు, ఇల్లు నిద్రపోతుంది. కేంబ్రిడ్జి సబ్బుకూ మన పీలికకూ ఫలితం ఒకటే. లీకు అలాగే ఉంది, లీకు మీద కోపం పోయింది. ఆ పూట నుంచీ అది మోగని లీకుల జాబితాలో చేరి, సూత్రం ప్రకారం బిల్లుకు అర్హత సంపాదిస్తుంది.

అసలైన మౌనముని మాత్రం ఫ్లష్ ట్యాంకు. దాని అడుగున రబ్బరు వాషరు అరిగితే నీళ్లు కమోడ్ గోడ వెంట సన్నటి పొరలా రాత్రింబవళ్లు జారుతుంటాయి. చప్పుడుండదు, మచ్చ ఉండదు, కింది ఫ్లాటుకు చెమ్మ కూడా దిగదు. రోజుకు వందల లీటర్లు ఇలా పోగలవు. దీన్ని పట్టుకునే ప్రయోగం చవక. ట్యాంకు మూత తీసి బట్టల నీలిమందు నాలుగు చుక్కలు వేసి, అరగంట ఎవరూ ఫ్లష్ నొక్కకుండా చూడాలి. ప్రయోగంలో కష్టమైన భాగం ఇదే. పొద్దుటి నుంచీ ఆ వైపు వెళ్లని ఇంటిల్లిపాదికీ సరిగ్గా ఆ అరగంటలోనే అవసరం పడుతుంది. అరగంట తర్వాత కమోడ్‌లో నీలం కనబడితే దొరికినట్టే. నీళ్లు లోపలి ఓవర్‌ఫ్లో గొట్టం అంచు దాటి పోతుంటే మాత్రం తప్పు వాషరుది కాదు, బాల్‌కాక్‌ది.

పై ట్యాంకు పొర్లడాన్ని శాస్త్రం లీకుగా ఒప్పుకోదు, అది ఉత్సవం. అర హార్స్‌పవర్ మోటారు నిమిషానికి 30 లీటర్లు తోస్తుందనుకుంటే, సీరియల్లో ఒక ప్రకటనల విరామం, ఆ తర్వాత అత్తగారి ముఖం మీద మూడుసార్లు కెమెరా తిరగడం పూర్తయ్యేసరికి పది నిమిషాలు, 300 లీటర్లు. నెల పొడుగునా అందరి చేతా తిట్లు తిన్న కుళాయి కార్చినదానికి ఇది పెద్ద తక్కువేమీ కాదు. పక్కింటివారు “ట్యాంకు నిండిందండీ, మోటారు కట్టండి!” అని అరిచేదాకా ఈ జలపాతానికి పొర్లు గొట్టమే సాక్షి. నాగార్జున సాగర్ నుంచి, ఎల్లంపల్లి నుంచి వంద కిలోమీటర్ల పైన పంపుల మీద ఎక్కి దిగి వచ్చిన కృష్ణా గోదావరులు మళ్లీ మూడంతస్తులు ఎక్కి సన్‌షేడ్ మీద దూకుతాయి.

ప్లంబరు గురించి శాస్త్రం క్లుప్తంగా ఉంది. అతడు వచ్చాక చూసేది లీకును కాదు, తనకు ముందు వచ్చిన ప్లంబరు పనిని. “గిదెవరు ఫిట్ చేసిన్రు సార్? మొత్తం మార్వాలె” అన్నది ప్రథమ వాక్యం. సామాను తేవడానికి వెళ్లడం ద్వితీయ ఘట్టం. తృతీయ ఘట్టం గురించి పూర్వులు మౌనం వహించారు.

అపార్ట్‌మెంటు ధర్మం

లీకు ఉన్నచోట కనబడదు, కనబడేచోట ఉండదు. స్లాబులో దిగిన నీళ్లు వాలు ఎటుంటే అటు, గొట్టం వెంట, కండ్యూట్ వెంట నడిచి ఎక్కడో మచ్చగా తేలతాయి. కింది ఫ్లాటు ఆమె మెట్లెక్కి వచ్చి “ఆంటీ, మా బాత్రూమ్ సీలింగంతా చెమ్మ పట్టింది, ఒక్కసారి చూస్తారా?” అంటుంది. “అయ్యో, మాది మొన్ననే టైల్స్ తీయించి వాటర్‌ప్రూఫింగ్ చేయించామమ్మా, ఇది పక్కవాళ్లదై ఉంటుంది” అంటారు పైవారు. పక్కవాళ్లు తమ పైవాళ్లను చూపిస్తారు. ఇలా ఎక్కుకుంటూ పోతే చివరికి మేడ, ఆ పైన ఆకాశం.

దీని వెనకున్న అర్థశాస్త్రం మరీ కఠినమైనది. చాలా అపార్ట్‌మెంట్లలో కనెక్షను ఒకటే, మీటరు ఒకటే. బిల్లునూ ట్యాంకర్ల ఖర్చునూ కలిపి మెయింటెనెన్సులో సమానంగా పంచుతారు. ఇరవై ఫ్లాట్లున్నచోట ఒక ఫ్లాటు లీకుకయ్యే ఖర్చులో ఆ ఫ్లాటు భరించేది ఇరవయ్యో వంతు. వాషరూ, ప్లంబరు కూలీ, అతని కోసం పెట్టిన సెలవూ మాత్రం మొత్తం ఆ ఫ్లాటువే. లీకు బాగు చేయించుకున్నవాడికి వచ్చే లాభంలో పంతొమ్మిది వంతులు పొరుగువారికి పోతాయి. ఇంతటి త్యాగం చేసేవారు ఉంటారు, కానీ వారు సాధారణంగా అద్దెకుండరు, సొంతిల్లు కట్టుకుని వెళ్లిపోతారు. ఒక్కో ఫ్లాటుకూ విడిగా మీటరు బిగిస్తే ఈ చిక్కు తీరుతుంది. ఆ ప్రతిపాదన తెచ్చినవారికి మర్నాటి నుంచి లిఫ్టులో ఎవరూ పలకరించరు.

వేసవి ముందు జరిగే సర్వసభ్య సమావేశాల్లో ఈ విషయం తప్పకుండా చర్చకు వస్తుంది. మచ్చుకు ఒకటి. ట్రెజరరు గారు నీటి వాడకం పెరిగిందని అంకెలు చదివారు. కింది ఫ్లాటు ఆమె సీలింగు ఫొటోలు చూపించారు. ఫొటోలో ఉన్నది చెమ్మా, నీడా అన్న దాని మీద కొంత చర్చ నడిచింది. చివరికి సెక్రటరీ గారు, తమ ఫ్లాటులో లీకులున్న సభ్యులు దయచేసి చేయి ఎత్తవలసిందిగా కోరారు. ఎవరూ ఎత్తలేదు. భవనంలో లీకులు లేవని ఏకగ్రీవంగా మినిట్స్‌లో రాసుకున్నారు. తర్వాతి అంశం: ఈ వేసవికి వారానికి ఎన్ని ట్యాంకర్లు అదనంగా తెప్పించాలి.